పంటకు పురుగు పడితే విపత్తు, మనిషికి రోగం వస్తే?



వరదకు ఇల్లు మునిగితే విపత్తు. గాలివానకు రేకులు లేచిపోతే విపత్తు. వాన లేక చేను ఎండితే కరువు, అదీ విపత్తే. ఇంతవరకు ఎవరికీ అనుమానం లేదు. మరి ఊరికి ఊరే తలుపులు వేసుకున్న కరోనా కాలం సంగతేమిటి? దుకాణాలకు తాళాలు పడ్డాయి. ఆక్సిజన్ ఉన్న మంచం కోసం హుజూరాబాద్ నుంచి కరీంనగర్‌కు, అక్కడ దొరక్క వరంగల్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పరుగులు పెట్టినవాళ్లున్నారు. అది విపత్తా, కాదా? అనుభవించినవాళ్లకు ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు. పన్నుల చట్టం మాత్రం దీనికి ఒకే జవాబు చెప్పలేదు. ఒకచోట అవునంది, ఒకచోట కాదంది, ఒకచోట ఈ ఒక్కసారికి సరేలే అంది. ఆ జవాబులేమిటో, వాటివల్ల మన ప్రాంతంలో ఒక దుకాణదారుకు, ఒక ఉద్యోగికి, గల్ఫ్‌కు పోయినవాడి కుటుంబానికి ఒరిగిందేమిటో ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు విపత్తుల జాబితా చూద్దాం. విపత్తు వచ్చినప్పుడు ప్రజలకు ఇచ్చే సాయం రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. ఆ డబ్బు వేటికి వాడాలో కేంద్ర ప్రభుత్వం రాసిపెట్టింది. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు, మంచుచరియలు, కుంభవృష్టి, చీడపీడల దాడి, అతిచలి. మొత్తం 12. ఇందులో చీడపీడలు ఉన్నాయి, మహమ్మారి లేదు. అంటే చేనుకు పురుగు పడితే విపత్తుల లెక్కలోకి వస్తుంది, మనిషికి రోగం అంటుకుంటే రాదు.

ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. నష్టమంటే కళ్లకు కనబడాలి, కొలిచి రాసుకునేలా ఉండాలి అన్నది సర్కారు దఫ్తరు పాత అలవాటు. కూలిన గోడ ఎన్ని గజాలో రాయవచ్చు. మునిగిన చేను ఎన్ని గుంటలో రాయవచ్చు. పూర్వం శిస్తులో తగ్గింపు ఇచ్చినా చేను మొఖం చూసే ఇచ్చారు, రైతు మొఖం చూసి కాదు. రోగానికి వేరే చట్టం ఉంది. అది 1897 నాటి అంటువ్యాధుల చట్టం, బొంబాయి ప్లేగు రోజుల్లో ఆంగ్లేయులు చేసింది. జనం రాకపోకలు ఆపడానికి, తనిఖీలు చేయడానికి, మాట విననివాళ్లను శిక్షించడానికి అందులో అధికారాలున్నాయి. నష్టపోయినవాడికి ఏమివ్వాలన్న ఊసే లేదు. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కొవిడ్ నిబంధనలు తెచ్చింది ఆ చట్టం కిందే. అదే నెలలో కరీంనగర్ పట్టణంలో ముకరంపుర వీధులు మూసేసి ఇంటింటికీ వైద్య బృందాలు తిరిగిన రోజులు మన జిల్లావాళ్లు మరిచిపోయి ఉండరు.

ఇక ఢిల్లీకి వద్దాం. 2020 మార్చి 14న కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది. కొవిడ్‌ను 'ప్రకటిత విపత్తు'గా పరిగణిస్తున్నాం, విపత్తు నిధి నుంచి ఖర్చు చేసుకోవచ్చు అని దాని సారాంశం. కానీ ఇది ప్రత్యేకంగా ఈ ఒక్కసారికి ఇస్తున్న వెసులుబాటు అన్న మాట అందులోనే ఉంది. ఇంకో సంగతి. మొదట వెళ్లిన లేఖలో మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని ఉంది. వరదలో చనిపోతే ఇచ్చే మొత్తమే అది. అదే రోజు సవరించిన లేఖ వచ్చింది. అందులో ఆ 4 లక్షల మాట లేదు. పొద్దున పెట్టిన విస్తరి సాయంత్రానికి ఎత్తేశారు.

దీనిమీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో 2021 జూన్ 30న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం తీర్పు చెప్పింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టానికి సాయం నిర్ణయించడం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బాధ్యత, ఇష్టముంటే చేయడం లేకుంటే మానడం కుదరదు అంది. ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఆ సంస్థకే వదిలింది. సంస్థ 50 వేలు అంది. అక్టోబరు 4న కోర్టు దానికి సరేనంది. పరీక్షలో కొవిడ్ తేలిన 30 రోజుల్లో చనిపోతే, ఇంట్లో ప్రాణం పోయినా సరే ఇవ్వాలని, మరణ ధ్రువపత్రంలో కొవిడ్ అని రాయలేదన్న ఒక్క సాకుతో కాదనకూడదని చెప్పింది.

మన రాష్ట్రంలో మీసేవ కేంద్రాల్లో దరఖాస్తులు తీసుకున్నారు. మరణం కొవిడ్ వల్లనేనా అని తేల్చడానికి జిల్లాకో కమిటీ వేశారు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ఒకటి వినండి. అప్పటికి తెలంగాణలో అధికారికంగా కొవిడ్ మరణాలు 3,993. సాయం కోరుతూ వచ్చిన దరఖాస్తులు 28,969. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో మీరే చూడండి. వచ్చిన దరఖాస్తులన్నీ సరైనవి కాకపోవచ్చు. అయినా రోజువారీ బులెటిన్‌లో ఎక్కని చావులు ఎన్నో ఉన్నాయని ఆ అంకెలే చెప్పాయి.

ఇప్పుడు పన్ను మాట. ఆ 50 వేల మీద ఆదాయపు పన్ను పడుతుందా? పడదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 10వ సెక్షన్‌లో '10బీసీ' అనే క్లాజు ఉంది. విపత్తు వల్ల నష్టపోయిన వ్యక్తికి గానీ, అతని వారసులకు గానీ కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థ ఇచ్చే పరిహారానికి పన్ను లేదని అది చెబుతుంది. 2007లో పెట్టారు, 2005 నుంచే వర్తింపజేశారు. విపత్తు అంటే ఏమిటన్నది ఆ క్లాజు తాను చెప్పదు, విపత్తు నిర్వహణ చట్టంలో ఏముందో అదే అంటుంది. ఆ చట్టంలో ఉన్న నిర్వచనం చాలా విశాలం. ప్రకృతి వల్లగానీ, మనిషి వల్లగానీ, ప్రమాదం వల్లగానీ, నిర్లక్ష్యం వల్లగానీ ఒక ప్రాంతానికి వచ్చిపడిన ఘోరం, దానివల్ల పెద్దయెత్తున ప్రాణనష్టమో, జనానికి యాతనో, ఆస్తి నష్టమో జరిగి, ఆ ప్రాంతం జనం తట్టుకునే శక్తిని మించిపోతే అది విపత్తు. ఇందులో గోడ కూలాలని లేదు. ప్రాణం పోయినా చాలు, యాతన పడ్డా చాలు. ఈ నిర్వచనం ప్రకారం మహమ్మారి విపత్తు కాదనడానికి దారే లేదు. నిర్వచనం ఇంత పెద్దమనసుతో ఉంటే, డబ్బు పంచే జాబితా మాత్రం 12 దగ్గర ఆగిపోయింది. చిక్కంతా అక్కడుంది.

ఇంకో చిక్కు చందాల దగ్గర వచ్చింది. కొవిడ్ రెండో అల రోజులు గుర్తుచేసుకోండి. 2021 ఏప్రిల్, మే. ఒక్కో ఆస్పత్రి బిల్లు లక్షల్లో వచ్చింది. పదో తరగతి దోస్తులు వాట్సాప్ గ్రూపులో తలా 2 వేలు, 5 వేలు వేశారు. పనిచేసే చోట యజమాని కొంత ఇచ్చాడు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50 వేలకు మించి వచ్చిన డబ్బు మామూలుగా ఆదాయం కింద లెక్క, పన్ను కట్టాలి. అంటే ప్రాణం నిలబెట్టడానికి దోస్తులు ఇచ్చిన పైసల్లో సర్కారుకూ వాటా వస్తుందన్నమాట. దీన్ని ఆపడానికి 2021 జూన్ 25న కేంద్రం ఒక ప్రకటన చేసింది. కొవిడ్ వైద్యానికి యజమాని ఇచ్చినా, ఇతరులు ఇచ్చినా పన్ను లేదు. మనిషి పోతే కుటుంబానికి యజమాని ఇచ్చే సాయానికి పరిమితి లేకుండా పన్ను మినహాయింపు, ఇతరులు ఇస్తే మొత్తం 10 లక్షల వరకు. తర్వాత 2022 ఆర్థిక చట్టంలో దీన్ని రాసి, 2020 ఏప్రిల్ నుంచే వర్తింపజేశారు. మంచి పని. కానీ గమనించండి, చట్టంలో రాసింది 'కొవిడ్-19' అని, మహమ్మారి అని కాదు. రేపు ఇంకో పేరుతో ఇంకో రోగం వస్తే మళ్లీ ప్రకటన కోసం ఎదురుచూడాలి, మళ్లీ చట్టం మార్చాలి.

వ్యాపారుల దగ్గరికి వద్దాం. హుజూరాబాద్‌లో నాకు తెలిసిన ఒక బట్టల దుకాణదారు ఉన్నాడు. ఏటా పెళ్లిళ్ల ముహూర్తాలకు ముందు సరుకు దింపుకుంటాడు. 2020 మార్చిలో కూడా దింపుకున్నాడు. నెలాఖరుకు షట్టరు పడింది. ఏప్రిల్, మే ముహూర్తాలు పోయాయి. జరిగిన ఒకటి రెండు పెళ్లిళ్లు ఇంటిముందే, పదిమందితో అయిపోయాయి. ఆయన ఒకసారి నాతో అన్న మాట వినండి. "సార్, వానకు బట్ట తడిస్తే వచ్చి ఫొటోలన్న తీసుకుంటరు, పంచనామ రాస్తరు. నా బట్ట తడవలే, కాలలే, మడత నలగలే. గిరాకి లేదు, గంతే. దీన్ని ఏ కాయితంల రాస్తరు?" ఆయన బీరువాలో చీరలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పైన కవరు మీద దుమ్ము, లోపల ధర చీటీ. సరుకు ఉంది, సీజను పోయింది. సీజను పోవడాన్ని నష్టమని రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు.

ఆయనకు ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. 2020 మార్చి 31న ఆర్డినెన్సు తెచ్చి, పన్ను చట్టాల్లోని చాలా గడువులు జరిపారు. సెప్టెంబరులో అదే చట్టమైంది. 2019-20 ఆర్థిక సంవత్సరానికి ఆడిటు అవసరం లేనివారి రిటర్నుల గడువు జరుగుతూ జరుగుతూ చివరికి 2021 జనవరి 10 దాకా వచ్చింది. జీతాలు కాని చెల్లింపుల మీద ముందే పట్టుకునే పన్ను, అదే టీడీఎస్, నాలుగో వంతు తగ్గించారు. టర్నోవరు 5 కోట్ల లోపు ఉన్న వ్యాపారులకు 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కట్టాల్సిన జీఎస్టీ మీద కొన్నాళ్లు వడ్డీ లేదు, ఆ తర్వాత సెప్టెంబరు వరకు 18 శాతం బదులు 9 శాతమే తీసుకున్నారు. ఇవన్నీ ఊపిరి పీల్చుకునే సమయం ఇచ్చాయి. అయితే గడువు జరపడం వేరు, పన్ను తగ్గించడం వేరు. ఆ దుకాణదారు కట్టాల్సిన మొత్తం అలాగే ఉంది, కట్టాల్సిన తేదీ మారింది.

పైగా కొన్ని నిబంధనలు మహమ్మారి వచ్చిన సంగతే పట్టించుకోలేదు. ఒక కిరాణా వ్యాపారి దగ్గర బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు లాక్‌డౌన్‌లో గడువు దాటిపోయాయి అనుకోండి. వాటిని పారబోశాడు. సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని అతను అమ్మకం పన్నులో తగ్గించుకుని ఉంటాడు. జీఎస్టీ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పోయిన, పాడైన, లెక్కలోంచి కొట్టేసిన సరుకు మీద ఆ తగ్గింపు చెల్లదు, తిరిగి కట్టాలి. విపత్తు వల్ల పాడైతే మినహాయింపు అని అందులో లేదు. సరుకూ పోయె, పన్నూ పోయె. చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్నులో ఊహించిన లాభం పద్ధతి ఉంది. లెక్కల పుస్తకాలు రాయకుండా, అమ్మకాల్లో 8 శాతం, డిజిటల్‌గా వచ్చిన సొమ్మైతే 6 శాతం లాభం వచ్చినట్టు చూపితే చాలు. మామూలు ఏడాదిలో ఇది వరం. 2020-21లో షట్టరు దించుకుని కూర్చున్నవాడికి కూడా అదే శాతం. నాకు లాభం అంత రాలేదు అంటే పుస్తకాలు చూపాలి, పన్ను పడేంత ఆదాయముంటే ఆడిటూ చేయించాలి. కష్టకాలంలో ఆ ఖర్చు అదనం.

మందులు, పరికరాల మీద జీఎస్టీ కొంత తగ్గింది. 2021 జూన్ 12న జీఎస్టీ మండలి మెడికల్ ఆక్సిజన్, కాన్సన్‌ట్రేటర్లు, రెమ్‌డెసివిర్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి, అంబులెన్సుల మీద 28 నుంచి 12కు తగ్గించింది. బ్లాక్ ఫంగస్‌కు వాడే ఆంఫోటెరిసిన్-బి మీద పూర్తిగా తీసేసింది. దీన్ని సిఫారసు చేసిన మంత్రుల బృందంలో అప్పటి తెలంగాణ ఆర్థిక మంత్రి హరీశ్‌రావు కూడా ఉన్నారు. శ్మశానాల్లో వాడే విద్యుత్, గ్యాస్ కొలిమిల మీద పన్ను కూడా అప్పుడే 18 నుంచి 5 శాతానికి దిగింది. ఆ ఏడాది ఎలాంటిదో ఈ ఒక్క తగ్గింపు చెబుతుంది. కానీ నిర్ణయం వచ్చేసరికి జూన్ సగమైంది. రెండో అలలో జనం ఆక్సిజన్ కోసం పరుగులు పెట్టింది ఏప్రిల్, మే నెలల్లో.

ఇప్పుడు అసలు విడ్డూరానికి వద్దాం. మహమ్మారి విపత్తేనా అని మనం అడిగితే చట్టం తడబడింది. ప్రభుత్వాలకు అవసరమైనప్పుడు మాత్రం జవాబు వెంటనే వచ్చింది.

మొదటిది. జీఎస్టీ వచ్చినప్పుడు రాష్ట్రాల పన్ను ఆదాయం ఏటా 14 శాతం పెరగకపోతే ఆ లోటు ఐదేళ్లు తానే భర్తీ చేస్తానని కేంద్రం చట్టంలో మాట ఇచ్చింది. 2020లో లోటు విపరీతంగా వచ్చింది. ఆగస్టు 27న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఇది దైవఘటన అన్నారు. రాష్ట్రాలు అప్పు తెచ్చుకోవాలన్న దారి చూపారు. తెలంగాణతో సహా అనేక రాష్ట్రాలు ఒప్పుకోలేదు. చివరికి కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకు ఇవ్వాల్సి వచ్చింది.

రెండోది మన రాష్ట్రంలో. లాక్‌డౌన్ మొదలవగానే తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కోత పెట్టింది. ఏ అధికారంతో అన్న ప్రశ్న హైకోర్టులో వచ్చింది. 2020 జూన్‌లో ఆర్డినెన్సు వచ్చింది. దాని పేరులోనే విపత్తు, ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి అని రెండూ కలిపి ఉన్నాయి. విపత్తు వచ్చినప్పుడు జీతంలో, పింఛనులో సగం వరకు వాయిదా వేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. తాను చెల్లించాల్సినది వాయిదా వేయడానికి మహమ్మారి విపత్తేనని సర్కారు రాతపూర్వకంగా ఒప్పుకుంది.

మూడోది ఇంకా ఆసక్తికరం. జీఎస్టీ చట్టంలో 168ఏ అనే సెక్షన్ 2020 మార్చిలో కొత్తగా చేరింది. యుద్ధం, మహమ్మారి, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ఇంకే ఉత్పాతమైనా వచ్చి పని చేయడం కుదరకపోతే గడువులు పొడిగించే అధికారం అది ఇచ్చింది. చూడండి, మహమ్మారి అన్న మాట పన్ను చట్టంలోకి సొంత పేరుతో వచ్చింది ఇక్కడే. వరద పక్కన, కరువు పక్కన సమానంగా కూర్చుంది. వ్యాపారులు సంతోషించాల్సిందే. కానీ తర్వాత ఏమైంది? అదే సెక్షన్ వాడి, అధికారులు వ్యాపారులపై పన్ను డిమాండు ఉత్తర్వులు ఇవ్వడానికి ఉన్న గడువులు కూడా పొడిగించారు. 2022 జులైలో ఒకసారి, 2023 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు 28న ఇంకోసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది 2023 మే 5న. ఆ తర్వాత ఏడు నెలలకు కూడా కొవిడ్ కారణంగానే గడువు పెరిగింది. 2019-20 లెక్కల మీద ఉత్తర్వులకు 2024 ఆగస్టు 31 వరకు సమయం దొరికింది. రిటర్ను ఒక్క రోజు ఆలస్యమైతే ఆలస్య రుసుం కట్టిన చిన్న దుకాణదారుకు ఇది మింగుడు పడుతుందా?

ఈ పొడిగింపులు చెల్లుతాయా అని దేశమంతటా కేసులు పడ్డాయి. అలహాబాద్, పాట్నా హైకోర్టులు సరేనన్నాయి. గౌహతి హైకోర్టు 2023 డిసెంబరు నోటిఫికేషన్‌ను కొట్టేసింది. మన తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నోటీసు ఇచ్చింది. హైకోర్టుల మధ్య అభిప్రాయభేదం ఉందని నమోదు చేసింది. మహమ్మారి ఎవరికి ఎంతకాలం విపత్తు అన్న ప్రశ్న దేశంలోని పెద్దకోర్టు గడప ఎక్కింది తెలంగాణ కేసుతోనే.

ఆదాయపు పన్ను, జీఎస్టీ కట్టేవాళ్లు ఊళ్లో కొందరే. ఆటో నడిపేవాడు, మార్కెట్లో హమాలీ, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఆమె, వీళ్లకు రిటర్ను గడువు పెరిగితే ఎంత, తరిగితే ఎంత? వీళ్ల ఇంటిదాకా వచ్చిన పన్ను ఊరట ఒకటుంది, అది ఇంటి పన్ను. 2020 దీపావళికి అప్పటి పురపాలక మంత్రి కె. తారక రామారావు ఆ ఏడాది ఆస్తి పన్నులో సగం తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ పరిధిలో 15 వేల వరకు, మిగతా మున్సిపాలిటీల్లో 10 వేల వరకు పన్ను ఉన్న ఇళ్లకు. హుజూరాబాద్ మున్సిపాలిటీ ఈ రెండో రకంలోకి వస్తుంది. 2,400 ఇంటి పన్ను ఉన్నవాడికి 1,200 మిగులు. గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలకు ముందు వచ్చిన ప్రకటన అని విమర్శలు వచ్చాయి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఇది తేదీ జరపడం కాదు, పన్ను తగ్గించడం. పంచనామా లేదు, ఫారం లేదు, ఆడిటరు అక్కర్లేదు. కష్టకాలంలో ఊరట ఇలా ఉండాలి. లోపమల్లా అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఇది నేరుగా అందలేదు.

మన ఉత్తర తెలంగాణలో గల్ఫ్ లేని ఊరు తక్కువ. 2020 మార్చిలో సెలవు మీద వచ్చి చిక్కుకుపోయిన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ బిడ్డలు ఎందరో. ఆదాయపు పన్నులో ఏడాదికి 182 రోజులు ఇక్కడుంటే మనిషి ఇక్కడి నివాసి అయిపోతాడు. విమానాలు లేక ఆగిపోయిన రోజులూ లెక్కేనా అన్న భయం వచ్చింది. 2020 మేలో పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చి, మార్చి 22 నుంచి 31 వరకు చిక్కుకుపోయిన రోజులు లెక్కించబోమంది. ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరానికి అలాంటి సాధారణ మినహాయింపు ఇవ్వలేదు. ఏళ్లుగా బయటే పనిచేసినవాళ్లలో చాలామందికి, నివాసి అయినా, అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను పడదు. అందుకని చాలా కుటుంబాలు బయటపడ్డాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ కథ ఇంకోలా నడిచింది. ఢిల్లీ లేఖకు ఒక్క రోజు ముందు, 2020 మార్చి 13న, అమెరికా అధ్యక్షుడు విపత్తు సాయ చట్టం కింద అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ ఒక్క ప్రకటనతో, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అక్కడి పన్ను చట్టంలో చేరిన ఒక సెక్షన్ పనిచేయడం మొదలుపెట్టింది. ఉద్యోగికి యజమాని ఇచ్చే విపత్తు సాయం మీద పన్ను లేదు. కొత్త చట్టం అక్కర్లేకపోయింది. గడువుల విషయంలో అక్కడా వివాదాలు నడిచాయి. విపత్తు ప్రకటించాక 60 రోజుల గడువు దానంతటదే రావాలని, అది అధికారి దయ కాదని 2024లో అక్కడి టాక్స్ కోర్టు ఒక కేసులో తేల్చింది.

మనమూ ఆ దారే పట్టాలన్నది నా అభిప్రాయం. మహమ్మారి విపత్తే. విపత్తు నిర్వహణ చట్టం నిర్వచనం ఆ మాట చెబుతోంది, సుప్రీంకోర్టు తీర్పు దాని మీదే నిలబడింది, జీఎస్టీ చట్టం పేరు పెట్టి మరీ రాసింది. మిగిలింది ఆ 12 విపత్తుల జాబితా. దానికి 13వ పేరు శాశ్వతంగా చేర్చాలి. ఈ ఒక్కసారికి అన్న మాట తీసేయాలి. రాష్ట్రాలు తలుచుకుంటే కదలగలవు కూడా. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్రస్థాయి విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. ఎండకు ఇచ్చిన గుర్తింపు మహమ్మారికి ఇవ్వలేమా?

విపత్తు ప్రకటించిన రోజే కొన్ని ఊరటలు వాటంతటవే అమల్లోకి రావాలి. చిన్న వ్యాపారికి వడ్డీ, ఆలస్య రుసుం ఆగాలి. విపత్తులో పాడైన సరుకు మీద కట్టిన జీఎస్టీ తిరిగి వసూలు చేయకూడదు. ఊహించిన లాభం శాతం ఆ ఏడాదికి తగ్గాలి. వైద్యానికి వచ్చిన చందా మీద పన్ను మినహాయింపు ఒక్క కొవిడ్‌కే కాకుండా ప్రకటిత మహమ్మారి ఏదైనా వర్తించాలి. అధికారులకు ఎంత గడువు పొడిగిస్తే, పన్ను కట్టేవాడికీ అంతే పొడిగించాలి. ఒకరికి విపత్తు, ఇంకొకరికి కాదు అంటే న్యాయం అనిపించుకోదు.

చివరగా మీకు ఒక మాట. విపత్తు వచ్చినప్పుడు సాయం అందేది కాగితం ఉన్నవాడికే. పరీక్ష రిపోర్టు, ఆస్పత్రి డిశ్చార్జి పత్రం, బిల్లులు, మరణ ధ్రువపత్రం ఒక కవరులో పెట్టి భద్రపరచండి. వైద్యానికి వచ్చిన డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. వ్యాపారులైతే పాడైన సరుకు ఫొటోలు, జాబితా తేదీతో సహా రాసిపెట్టండి. నష్టం వచ్చిన ఏడాది రిటర్ను ఎందుకులే అని వదిలేయకండి. గడువులోగా వేస్తే ఆ వ్యాపార నష్టాన్ని వచ్చే ఎనిమిదేళ్ల లాభాల్లో తగ్గించుకోవచ్చు, గడువు దాటితే ఆ హక్కు పోతుంది. సర్కారు ఇచ్చిన విపత్తు సాయం మీద పన్ను కట్టాలని ఎవరైనా అంటే, దానికి మినహాయింపు ఉందని ధైర్యంగా చెప్పండి. అది మీ హక్కు.